ముసలామె వేషం

"ఈ ముసలామె వేషం ఎవరు కడతరు?"

పదో తరగతిలో ఒక్క చెయ్యీ లేవలేదు.

సారంగపాణి సార్ మళ్ళీ అడిగాడు. పిల్లలు తలలు వంచుకున్నారు.

దమ్మపేట దాటాక అడవి మొదలయ్యే చోట ఉంది ఆ హైస్కూలు. సారంగపాణి కొత్తగూడెం నుంచి ఆ ఏడే వచ్చిన ఇంగ్లీషు మాస్టారు. అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయాయి కదా అని, పుస్తకంలో లేని పాత నాటకమొకటి పట్టుకున్నాడు. పరాయి దేశంలో ఎప్పుడో రాసింది. తెలుగులో తానే విడమరిచి చెబుతున్నాడు.

అందులో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఆడపిల్లలు ఉన్నట్టుండి కేకలు పెడతారు, ఊగిపోతారు. ఈ చేతబడి ఎవరు చేశారని పెద్దలు గద్దిస్తారు. భయంతో పిల్లలు ఒక ముసలామెను చూపిస్తారు. ఇక ఊరంతా ఆమె మీద పడుతుంది.

వేషాలన్నీ పంచాడు. దేవ్‌సింగ్ ఊరి పెద్ద. లాలి మొట్టమొదట కేక పెట్టే పిల్ల. మిగిలింది ముసలామె.

"లాలీ, నీ పక్కనున్న బుల్లెమ్మను లేవమను."

"అది లేవదు సార్. మంత్రగత్తె వేషం కడితే రేపటి సంది అందరు గట్లనే పిలుస్తరంటది."

"నాటకమే గదా!"

"నాటకమైనా గంతే సార్."

కిటికీ అవతల నుంచి మాట వినిపించింది.

"నేనుంట సారూ."

చీపుర్లమ్మే గోరి. ఎక్కడి మనిషో ఎవరికీ తెలియదు. అంగడి నాడు వస్తుంది. చీపుర్లు అమ్ముకుని, బస్సు వచ్చేదాకా బడి వరండాలో కూర్చుంటుంది. పాఠం వింటున్నదని సారంగపాణి ఎన్నడూ అనుకోలేదు.

పిల్లలు పకపకా నవ్వారు.

"నవ్వకుండ్రి. రా అమ్మా, లోపలికి రా."

ఆమె వచ్చి గది నడుమ నిలబడింది.

"వీళ్ళంతా నీ మీద అరుస్తరమ్మా. అప్పుడు మోకాళ్ళ మీద పడాలె. నేను కాదు, నన్ను విడిచిపెట్టుండ్రి అని ఏడవాలె."

"అవ్" అన్నది గోరి.

లాలి వేలు చూపి కేక పెట్టింది. "ఈమెనే! ఈమెనే చేసింది!"

మొదట అందరూ ముసిముసిగా నవ్వుతూనే అరిచారు. కాసేపటికి నవ్వు పోయింది. బల్లలు చరచడం మొదలైంది.

"కొట్టుండ్రి! ఊరవతలికి ఎల్లగొట్టుండ్రి!"

దేవ్‌సింగ్ నల్లబల్ల దగ్గరి పొడుగు స్కేలు అందుకున్నాడు. అది నాటకంలో లేదు.

లాలి కేక ఆగలేదు. కళ్ళు తేలేసింది. ఒళ్ళంతా వణుకుతోంది. వెనక బెంచీలో ఇంకో పిల్ల అందుకుంది. దాని వెనక మరొకతె.

"ఆపుండ్రి! చాలు!"

సారంగపాణి మాట ఎవరికీ వినపడలేదు. కథగా చెబుదామని తెచ్చిన భయం కళ్ళ ముందే గదిలోకి దిగింది.

గోరి మోకాళ్ళ మీద పడలేదు. ఏడవలేదు. ఎత్తిన స్కేలు పక్కనుంచే నడిచి లాలి దగ్గరికి పోయింది. తనను చూపిస్తున్న ఆ వేలును రెండు చేతుల్లోకి తీసుకుంది.

"భయమైతుందా బిడ్డా?"

లాలి ఊగుతూనే ఉంది.

"అయితది. భయమైతే ఎవల్నో ఒకల్ని చూపియ్యాలె అనిపిస్తది. నన్నే చూపియ్యి, ఏం కాదు. చెయ్యి మాత్రం ఇడువకు."

లాలి ఆమె భుజం మీద పడి బావురుమంది. కేకలు ఒక్కొక్కటే అణిగాయి. దేవ్‌సింగ్ చేతిలోంచి స్కేలు జారిపడ్డ చప్పుడు గదంతా వినిపించింది.

గోరి కొంగుతో లాలి ముఖం తుడిచింది.

"పిల్లకు నీళ్ళు తాపుండ్రి సారూ" అని, మిగిలిన చీపుర్లు నెత్తిన పెట్టుకుని బస్సుకు పోయింది.

ఆమె పోయిన దారిని చూస్తూ సారంగపాణి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

మర్నాటికి ఊళ్ళో ఒక మాట పుట్టింది.

"ఉత్త నాటకమేంది? ఎన్నడో ఆమె మీద నిజంగనే బాణామతి నింద పడి ఉంటది."

"పిల్లను పట్టిందీ ఆమెనే, ఇడిసిందీ ఆమెనే."

అంగట్లో ఆమె చీపుర్లు కొనడం మానేశారు. ఆమెను బడిలోకి రానియ్యొద్దని హెడ్మాస్టరు చెప్పాడు. సారంగపాణి ఎదురు చెప్పలేకపోయాడు.

గోరి రావడం మానేసింది.

ఎండలు ముదిరాక ఒకనాడు లాలి అడిగింది. "ఆమెను చూడాలె సార్."

బస్సు కండక్టరును అడిగి ఆమె ఊరు తెలుసుకున్నాడు సారంగపాణి. లాలిని, దేవ్‌సింగ్‌ను వెంటబెట్టుకుని పోయాడు.

గోరి గుడిసె పక్క వాకిట్లో ఒక ముసలామె బీడీలకు చుట్టే తునికాకు ఎండబోస్తోంది. ఆమె పేరు సారక్క.

"గోరి లేదు సారూ. జరమొచ్చి పానం పోయింది. శివరాత్రికి ముందే."

లాలి అక్కడే కూలబడింది.

సారంగపాణి లాలి పక్కన కూర్చుని సారక్కను అడిగాడు. "ఎన్నడో ఆమె మీద బాణామతి నింద వేసిన్రట గదమ్మా?"

"ఆమె మీద కాదు. నా మీద."

"నీ మీదనా?"

"పసిపిల్ల సచ్చిపోతే నేనే మింగిన్నని కట్టెలు పట్టుకుని ఊరంత మీదికొచ్చిన్రు. గోరి ఒక్కతే నా గడప కాడ అడ్డం నిలబడ్డది. పొద్దు గూకిందాక కదల్లె. ఆఖరికి అందరు కట్టెలు పారేసి పోయిన్రు."

"నీకు చుట్టమా?" దేవ్‌సింగ్ అడిగాడు.

"కాదు బిడ్డా. బాయి కాడ నీళ్ళకు నాతోని కొట్లాడేది."

"మరి ఆమె అడ్డమొస్తే ఊరెందుకు ఆగింది?"

సారక్క తునికాకు వదిలి లేచింది. పక్క గుడిసె దిక్కు చూసి చేతులు జోడించింది.

"ఆ సచ్చిన పిల్లను చేతులల్ల పట్టుకొనే నిలబడ్డది బిడ్డా, కన్నతల్లి ఆమెనే."