గోడమీది బిళ్ల

ఒకటో తరగతిలో సీటు కావాలంటే ఇప్పుడు పిల్లకు పరీక్ష లేదు, ఇంటికే పరీక్ష. స్కూలువాళ్లు హాల్లో గోడకు బిగించి వెళ్లిన తెల్లబిళ్ల ఏడాదిపాటు ఇంట్లో మాటలన్నీ విని మార్కులు వేస్తుంది.

అది వచ్చినప్పటినుంచి తనూజకు సొంత ఇల్లే రోతగా ఉంది. భర్త వేణుమాధవ్ దానివైపు తిరిగి ఇంగ్లీషులో కాఫీ అడుగుతాడు. శుక్రవారం శుక్రవారం దానికి కుంకుమబొట్టు పెట్టి దణ్ణం కూడా పెడతాడు. మొగుడూ పెళ్లాం పోట్లాడుకోవాలంటే బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకోవాలి. మొన్న తనూజ తల్లి "ఇరుగుదిష్టీ పొరుగుదిష్టీ" అంటూ మనవరాలికి ఉప్పుతో దిష్టి తీస్తే, బిళ్ల దానికీ మార్కులు తెగ్గోసింది.

ఆ ఉదయం అయిదేళ్ల నిహిర వేలు తలుపు సందులో పడి నలిగింది. తనూజ కెవ్వుమని పరుగెత్తుకొచ్చింది. పిల్ల మాత్రం కేకైనా వేయలేదు. కళ్లనిండా నీళ్లతో బిళ్లవైపు చూసి, "ఐ యామ్ ఫైన్, థాంక్యూ" అంది.

వేణుమాధవ్ ఫోను చూసుకుని, "ఓర్పుకి మార్కులు కలిశాయే!" అని గుసగుసలాడాడు.

తనూజ అతనివైపు గిర్రున తిరిగింది.

"ఛీ! పిల్ల వేలు కమిలిపోతే మార్కులు చూసుకుంటున్నారా? అసలు మనిషేనా మీరు?"

"మెల్లగా! సీటు పోతుంది."

"పోనీండి!"

బిళ్లను గోడనుంచి పీకి, బియ్యం డబ్బాలో పడేసి, మూత బిగించింది. పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"ఇంక అది వినదు బంగారం. ఏడువమ్మా, గట్టిగా ఏడువు."

నిహిర పెదవి వణికింది. అయినా బిగబట్టుకుని, తల్లి చెవిలో చెప్పింది.

"నాన్న వింటున్నాడమ్మా."