చూసినవాడు

“శ్రీశైలం సాబ్ ఇల్లు ఇదేనా?”

గేటు బయట నిలబడ్డ మనిషి ఉర్దూలో అడిగాడు. గడ్డం సగం నెరిసింది. భుజం మీద శాలువాల మూట.

“శాలువలద్దు, ఏమద్దు. పో!”

శ్రీశైలం తలుపు వేసుకున్నాడు. చలికాలం వచ్చిందంటే కోరుట్ల వీధుల్లో ఇలాంటి మూటలకు కొదవ లేదు. పైగా ఆ రోజు ఆయన మనసు అసలే బాగాలేదు.

పొద్దున జగిత్యాల వెళ్లి వకీలు హుమేరాను కలిసి వచ్చాడు.

“అన్నా, ఇదే ఆఖరి అప్పీలు,” అందామె. “గుండెజబ్బు మీకు సెలవుల, ఇంటికాడ మొదలైందని మెడికల్ బోర్డు అంటున్నది. డ్యూటీలనే మొదలైందని మనం అంటున్నం. చూసినోళ్లు ఒక్కరన్న ఉండాలె.”

“నేను చెప్తున్న గద మేడం!”

“మీరు చెప్తే చాలదన్నా.”

అదే ఆయనకు మింగుడుపడని మాట. సైన్యంలో ఉండగా, సరిహద్దు కొండ మీది కాపలా పోస్టుకు చేరిన కొత్తలోనే, ఛాతీ పట్టుకుని మంచులో కూలిపోయాడు. కళ్లు తెరిచేసరికి కింద మందుల గుడారంలో ఉన్నాడు. కాస్త తేరుకోగానే సెలవు మీద పంపేశారు. ఆ సంగతి ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఇంటికొచ్చాక రెండోసారి నొప్పి వస్తే జగిత్యాలలో ఆసుపత్రిలో చేరాడు. బోర్డు దాన్నే మొదటిదిగా పట్టుకుంది. హవల్దార్ శ్రీశైలాన్ని ఉద్యోగం నుంచి పంపేశారు, వైకల్య పింఛను మాత్రం రాదన్నారు.

పింఛను సంగతి అటుంచితే, వీధిలో వాళ్ల మాటలే ఎక్కువ పొడిచాయి. తాగి తాగి గుండె పాడుచేసుకున్నాడన్నారు. చుక్క ముట్టని మనిషిని పట్టుకుని! ఆయన మాట నమ్మిన ఒకే ఒక్క మనిషి భార్య బాలమణి. నిరుడు ఆమె కూడా పోయింది. అప్పటినుంచి మంచినీళ్లు అడగాలన్నా గోడలనే అడగాలి.

మర్నాడు పక్కింటి ఇమాంబీ గోడ మీదుగా పిలిచింది.

“బేటా, గా శాలువలాయన నీ గురించే అడుగుతుండు. ఒక్కడే ఉంటడా, పానం బాగలేకుంటె దవాఖానకు ఎవలు తీస్కపోతరు అని.”

“గాయనకెందుకట?”

“నువ్వు ఎరికేనట.”

“అందరు గట్లనే అంటరు చాచీ! ఒంటిగ ఉన్నోని ఇల్లు చూసుకుంటున్నడు, దొంగతనానికి.”

ఏడాదిగా ఆయన బాగోగులు అడిగిన పుణ్యాత్ముడు లేడు. తీరా ఒకడు అడిగితే దొంగలా కనిపించాడు.

సాయంత్రం ఆ మనిషి మళ్లీ గేటు దగ్గరే నిలబడ్డాడు. శ్రీశైలం అరుచుకుంటూ బయటికి వచ్చాడు.

“ఏ ఊరు నీది?”

“కుప్వారా, సాబ్.”

అంతే. సరిహద్దులో పనిచేసి వచ్చిన మనిషికి ఆ పేరు చాలు, ఇరుగుపొరుగును కేకేశాడు.

“చూసిన్రా? కశ్మీరోడు! నా ఇంటి సుట్టు తిరుగుతుండు. గిసుంటోళ్లను నేను చూసిన, మీకేమెర్క!”

“సాబ్, ఒక్క మాట...”

“నోర్ముయ్!”

వీధి వీధంతా పోగయింది. గుండె గురించి చెబితే నవ్వుకున్న వాళ్లే, ఈ మాటను మాత్రం ఠక్కున నమ్మారు. ఫౌజీ ఊరికే అంటాడా అన్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి మూటను ఆటోలో పడేశారు. మళ్లీ కోరుట్లలో కనబడితే బాగుండదని చెప్పి మనిషినీ ఎక్కించారు.

ఆటో ఎక్కుతూ అతను వెనక్కి చూశాడు. శ్రీశైలం ఆయాసంతో గేటు పట్టుకుని వంగిపోయి ఉన్నాడు.

“సాబ్, మీరు కూర్చోండి. ముందు కూర్చోండి,” అన్నాడు ఉర్దూలో.

ఆటో కదిలిపోయింది. చాలాకాలం తర్వాత శ్రీశైలానికి ఆ పూట అన్నం సహించింది. ఇంతమంది తన మాట నమ్మారన్న సంతోషం అది.

వారం తిరక్కముందే హుమేరా ఫోన్ చేసింది. తెల్లారితే విచారణ అనగా, ఎన్నాళ్లుగానో వెతుకుతున్న వినోద్ జాడ దొరికిందట. వినోద్ అదే పోస్టులో కలిసి పనిచేసినవాడు, సిరిసిల్ల దిక్కు గంభీరావుపేట మనిషి. ఫౌజు నుంచి దిగాక దుబాయి పోయి నంబరు మార్చేశాడు. ఇప్పుడు సెలవు మీద వచ్చాడు.

శ్రీశైలం వెంటనే నంబరు కలిపాడు.

“తమ్మీ వినోదూ, నేను పడ్డప్పుడు నువ్వు చూసినవు గద? జెర సాక్ష్యం చెప్పాలె.”

“నేను చూడలే అన్నా. గా రోజు కింద క్యాంపుల ఉన్న. నాతోని అబద్ధం చెప్పియ్యకు.”

శ్రీశైలం ఇన్నాళ్లూ వినోద్ దొరికితే చాలనుకుని బతికాడు.

“మరెవలు చూసిన్రు?”

“ఒక్కడే చూసిండు. పోస్టుకు సామాను మోసే గఫార్. నువ్వు పడుడు చూసింది గాయనే, ఈపు మీద ఏసుకొని గంత మంచుల కిందికి తెచ్చింది గాయనే. నీకప్పుడు సోయి లేదు.”

“యాడుంటడు? నంబరియ్యి. నీ కాళ్లు మొక్కుత!”

“గక్కడి సిమ్ము మన దిక్కు పనిచెయ్యదన్నా. ఇల్లు దాటిండంటె మల్ల ఊరికి పోయినంకనే దొరుకుడు.”

“ఇల్లు దాటి యాడికి పోయిండు?”

“ఎప్పుడు మాట్లాడినా శ్రీశైలం సాబ్ బతికున్నడా అని నన్ను అడుగుడే. కోరుట్ల అని నేనే చెప్పిన. ఈ చలికాలం శాలువలమ్ముకుంట నిన్ను చూసేటందుకు బయలెల్లిండు, నీ ఇంటికి రాలేదా అన్నా?”