శిష్యురాలి దగ్గు

కథలు చెప్పడం మానేసిన రెండేళ్ళకు మా అమ్మమ్మ తన శిష్యురాలు చెప్పే కథ వినడానికి లైబ్రరీకి బయల్దేరింది. తోడుగా నేను వెళ్ళాను. హాలు కిక్కిరిసి ఉంది. పిల్లలు కిటికీ గట్ల మీద కూడా ఎక్కి కూర్చున్నారు.

“నాకెప్పుడైనా ఇంతమంది వచ్చారా? పైగా చెప్పేది నా కథే!” అమ్మమ్మ పళ్ళు నూరింది. “ఎక్కడో ఒకచోట బోర్లా పడకపోదు, చూస్తూ ఉండు.”

కథలో దొంగ తలుపు తీసే చోట శిష్యురాలు ఆగింది. రెండుసార్లు దగ్గి, మళ్ళీ అందుకుంది. అమ్మమ్మ మొహం వెలిగిపోయింది.

అంతా అయ్యాక తీరిగ్గా వెళ్ళి పలకరించింది. “పాపం, గొంతు బాగాలేదా అమ్మాయ్?”

“భలేవారే! అది కథలోదేగా అమ్మా? మీరెప్పుడూ అక్కడే దగ్గేవారు. నెల్లాళ్ళు సాధన చేశాను.”

అమ్మమ్మ కొంగు సర్దుకుంది. “రెండోది ఇంకాస్త గట్టిగా దగ్గాలి,” అంది.

మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుంది. “అక్కడ నాకు తర్వాతి మాట ఎప్పుడూ గుర్తొచ్చేది కాదే. అది వెతుక్కోవడానికే దగ్గేదాన్ని.”

“ఆవిడకి చెప్పొచ్చుగా?”

“ఏమని చెప్పను? నేను మర్చిపోయి దగ్గేదాన్ని. ఆ పిల్లకేం, అన్నీ గుర్తుండి కూడా దగ్గుతోంది!”