అరవై ఫిడేళ్ళ పాట

యోసేపు నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా ముట్టడం లేదు.

కూతురు ప్రీతి మామిడికాయ పప్పు చేసి చూసింది. చింతచిగురు కూర చేసి చూసింది. ఆయన రెండు ముద్దలు కెలికి చెయ్యి కడిగేసుకుంటున్నాడు. షుగర్ మాత్రలు మింగే డెబ్బై మూడేళ్ళ మనిషి. ఇట్లాగే ఉంటే మళ్ళీ దవాఖాన మెట్లు ఎక్కాల్సిందేనని ఆమెకు భయం పట్టుకుంది.

“ఏమైంది బాపు? నోరు బాగలేదా?”

“ఆకలైతలేదు బిడ్డా.”

కారణం ఆమెకు తెలుసు. నాలుగు రోజుల కిందట టేప్ రికార్డర్ ఆయన క్యాసెట్‌ను నమిలేసింది.

అది సిల్వర్ పెవిలియన్ అనే ఇంగ్లీషు బృందం పాటల క్యాసెట్. డెబ్బైలలో ఒక వెలుగు వెలిగిన పాప్ రాక్ వాళ్ళు. యోసేపు కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు, పక్కింటి గార్డు దగ్గర రికార్డు ప్లేయర్ ఒక పూటకు అడిగి తెచ్చుకున్నాడు. దాని ముందు టేప్ రికార్డర్ పెట్టి పాటలు ఎక్కించుకున్నాడు. ఇంట్లో చప్పుళ్ళన్నీ వాటితోపాటే ఎక్కాయి. రైలు కూతలు, గిన్నెల మోత, ఎవరివో కేకలు.

విచిత్రమేమిటంటే, ఆ బృందాన్ని ఆయన తిట్టని రోజు లేదు.

“ఒక్క పాటకు అరవై ఫిడేళ్ళెందుకు? బరాత్ తీస్తాండ్రా?” అనేవాడు. “ఒక్కని గొంతునే పదిసార్లు ఎక్కించి పదిమంది పాడినట్టు చేసిండ్రు. మన చర్చిల ఒక్క హార్మోనియంతోని పాడుతలేమా?”

అంటూనే రోజూ మధ్యాహ్నం ఆ క్యాసెట్టే పెట్టేవాడు. రెండో పాట సగంలో ఉండగా లేచి, చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చునేవాడు. గడియారంతో పని లేదు.

చిన్నప్పుడు ప్రీతికి ఆ బృందం పేరెత్తితే ఒళ్ళు మండేది. ఎనిమిది నెలల పిల్లగా ఉండగానే తల్లి హన్నా పోయింది. ఒక్క పెళ్ళి ఫోటో తప్ప తల్లి గురించి ఆమెకు ఏమీ తెలియదు. ఉన్న తండ్రేమో రోజూ కాసేపు తనను కూడా మర్చిపోయి ఆ అట్టహాసానికి చెవి అప్పగించేవాడు. ఉక్రోషంతో ఏడ్చిన రోజులున్నాయి. అయినా ఇప్పుడు, నలభై రెండేళ్ళ వయసులో, బియ్యం కడుగుతూ ఆ రాగమే తీస్తుంది. ఎప్పుడు ఒంటబట్టిందో ఆమెకే తెలియదు.

శనివారం కాలేజీలో పాఠాలు చెప్పడం అయ్యాక క్యాసెట్ పట్టుకుని హనుమకొండలో సుదర్శన్ షాపుకు వెళ్ళింది. పాత పెళ్ళి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పని అతనిది.

అతను నలగని ముక్క కొంచెం విని పెదవి విరిచాడు.

“తెగిన కాడ అతికిస్త మేడం. గని పాట కన్న చప్పుడే ఎక్కువున్నది. ఇవే పాటలు నెట్ల సాఫ్‌గ దొరుకుతయ్. అవి ఏసియ్యాల్నా?”

ప్రీతి క్షణం కూడా ఆలోచించలేదు. “సాఫ్‌గ ఉన్నయే ఎయ్యి తమ్మీ. మా బాపు ఒక్కసారన్న మంచిగ వినాలె.”

“మరి ఇది?”

“పారెయ్యి.”

అప్పుడే షాపు ముందుకు వచ్చిన చెత్తబండిలో అతను దాన్ని పడేశాడు. ప్రీతి సంతోషం పట్టలేక దారిలో ఒక చిన్న స్పీకర్ కూడా కొన్నది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి కోడికూర వండింది. “బాపు, నీ పాటలు తెచ్చిన” అనగానే యోసేపు గబగబా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆ ముఖంలో కళ కనిపించింది.

పాట మొదలైంది. అరవై ఫిడేళ్ళూ విడివిడిగా పలికాయి. ఇంత మంచి పాటా ఇది అని ప్రీతికి మొదటిసారి అనిపించింది. కళ్ళు చెమర్చాయి కూడా.

రెండో పాట సగానికి వచ్చింది. యోసేపు ముందుకు వంగి చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. పాట అయిపోయింది. ఆయన లేవలేదు.

“జర ఎనుకకు తిప్పు బిడ్డా.”

తిప్పింది. మళ్ళీ అదే చోట వంగాడు. మూడోసారి కూడా తిప్పించాడు.

“ఎంత సాఫ్‌గ ఉన్నదో చూసినవా బాపు? ఒక్క చప్పుడన్న లేదు.”

“నా క్యాసెటేది?”

“అది ఇంకెందుకు? నిన్ననే చెత్తబండ్ల ఏసిండ్రు. లే బాపు, అన్నం సల్లగైతాంది.”

యోసేపు కూతురి ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆమె తల మీద చెయ్యి వేశాడు.

“ఆ పాట నాకెన్నడు నచ్చలే బిడ్డా, దాని నడిమిట్ల మీ అమ్మ నన్ను అన్నానికి పిలుస్తది.”