మెట్ల ఫొటో

"వెబ్‌సైటు మీరే మార్చుకునేలా చేసివ్వనా, లేక నన్నే చూసుకోమంటారా?" అని అడిగాను.

ఇళ్ల బ్రోకరు ఆలోచించనైనా లేదు. "నువ్వే చూసుకో అమ్మాయ్. కంప్యూటరుకీ నాకూ చుక్కెదురు."

అప్పటినుంచి ప్రతి సోమవారం పదింటికి ఫోను. "సైటులో ఆ పాతింటి మెట్ల ఫొటో మళ్లీ అడుక్కి పోయింది, పైకి తెచ్చిపెట్టు" అనేవారు. అది క్షణంలో పని. ఆ తర్వాత అరగంట ఆ మెట్ల మీద పడే ఎండ గురించి చెప్పేవారు.

"నేర్చుకోండి సార్, తేలికే. పాస్‌వర్డు మొదటిరోజే రాసిచ్చానుగా" అన్నాను.

"ఈ వయసులో నాచేత ఓనమాలు దిద్దిస్తావా?" అని నవ్వేశారు.

పోయిన సోమవారం జ్వరంతో ఫోను ఎత్తలేకపోయాను. మర్నాడు సైటు తెరిస్తే, అమ్ముడైన రెండిళ్లూ తీసేసి ఉన్నాయి. కొత్త ఇల్లొకటి తొమ్మిది ఫొటోలతో వరసగా ఎక్కింది. ఎవరు చేశారా అని మార్పుల జాబితా చూశాను. ఆయనే. ఇంకా వెనక్కి వెళ్తే, ప్రతి ఆదివారం మెట్ల ఫొటోను అడుక్కి జరిపిందీ ఆయనే.

ఈ సోమవారం పది దాటినా ఫోను మోగలేదు. దొరికిపోయానని సిగ్గుపడ్డారేమో. వారం మొత్తంలో నాకొచ్చే ఫోను అదొక్కటేనని అప్పుడు తెలిసింది.

మెట్ల ఫొటోను నేనే అడుక్కి జరిపి, ఆయనకు ఫోను చేశాను.

"సార్, మళ్లీ కిందికి పోయింది. ఎక్కడ పెట్టమంటారు?"