మూడున్నరకల్లా ఇంటికి

“మూడున్నరకల్లా ఇంట్లో ఉండాలి, మర్చిపోకు” అన్నాడు రవికిరణ్, చెప్పులు వేసుకుంటూ. రోజూ చెప్పే మాటే. అఖిల అప్పటికే లిఫ్టు దగ్గరుంది.

నవనీత తలూపింది. వాళ్ల కారు గేటు దాటేదాకా బాల్కనీలో నిలబడి చూసింది. ఆ తరువాత మంచం కిందినుంచి సంచీ తీసింది.

బాచుపల్లిలో ఆ ఫ్లాటు రవికిరణ్, అఖిలలది. ఇద్దరికీ రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. ఇల్లు వాళ్లది, మాటా వాళ్లదే. మంచివాళ్లే పాపం, ఒక్క మాట అనరు. పని లేకుండా అడుగు బయట పెట్టనివ్వరు, అంతే. హాల్లో కెమెరా ఉంది. ఆఫీసులో కూర్చుని అఖిల అందులోంచి చూస్తుంటుంది. బయటికి వెళితే నవనీత ఎక్కడుందో రవికిరణ్ ఫోనులో చుక్కై కనిపిస్తుంది.

నవనీత అమ్మానాన్నలు నానక్‌రామ్‌గూడలో ఉన్నారు. ఒక్కసారి చూసొస్తానంటే “వచ్చే వారం” అంటాడు రవికిరణ్. ఆ వారం రాక ఏడాది కావస్తోంది. అతని ఆఫీసు నుంచి ఆ ఊరు ఎంతో దూరం లేదు. అయినా తొంగి చూసిన పాపాన పోలేదు.

“కూరగాయలకు పోతున్న” అని అఖిలకు మెసేజ్ పెట్టి తలుపు వేసింది నవనీత.

కాలేజీ గేటు ముందు బస్‌స్టాప్‌లో భాస్కర్ ఎదురుచూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, కొత్తగా రంగేసిన జుట్టు. ఆ బస్‌స్టాప్‌లోనే వాళ్ల పరిచయం. ముందు చూపులు, తరువాత నవ్వులు, తరువాత మాటలు. చివరికి ఒకరు రాని రోజు రెండోవాళ్లకు అన్నం సయించని దాకా వచ్చింది వ్యవహారం.

“ఇంట్ల ఏం చెప్పినవ్?” అడిగాడు.

“కూరగాయలకని. మీరు?”

“దోస్తును చూసొస్తనని.” భాస్కర్ ఇంట్లోనూ ఇదే తంతు.

గచ్చిబౌలి దాకా బస్సు. అక్కడ షేర్ ఆటో ఎక్కారు. అది నాలుగు అడుగులు కదిలిందో లేదో ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ముందు కార్లు, వెనక కార్లు. దిగడానికి కూడా సందు లేదు. అప్పుడే ఫోను మోగింది. రవికిరణ్. నవనీత ఎత్తలేదు. వెంటనే మెసేజ్ వచ్చింది. ‘గచ్చిబౌలి చూపిస్తోంది. అక్కడేం పని?’

“వాపస్ పోదాం” అంది.

“ఇయ్యాల పోతే మళ్ల రాలేం, నవనీతా.”

“సరే. కానీ మా నాయన వద్దంటే మాత్రం ఇగ నన్నేం అడగొద్దు. మూడున్నరకు ఇంట్ల ఉంట. రేపటిసంది మీతోని మాట్లాడ.”

అంతలో ముందు కార్లు కదిలాయి.

నానక్‌రామ్‌గూడలో చుట్టూ అద్దాల మేడలు లేచినా రాములు తన ఇల్లు అమ్మలేదు. వాకిట్లోకి ఎండ వచ్చేది కాసేపే. ఆ కాసేపూ మంచం అక్కడికి లాక్కుని కూర్చుంటాడు. కూతుర్ని చూడగానే లేవబోయి, పక్కనున్న మనిషిని చూసి ఆగిపోయాడు. లోపలినుంచి సత్తెమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది.

“ఎవరు బిడ్డా?” అన్నాడు రాములు.

“భాస్కర్ అని. మేం పెండ్లి చేసుకుందామనుకుంటున్నం నాయనా. నువ్వు ఊఁ అంటెనే.”

రాములు చాలాసేపు భాస్కర్‌ను ఎగాదిగా చూశాడు.

“మనోళ్లేనా?”

“కాదు.”

“ఏం పని చేస్తున్నవ్?”

“ఇప్పుడేం లేదు. ఇంట్లనే ఉంటున్న.”

కులం కాదు, కొలువు లేదు. ఇంత బంగారంలాంటి సంబంధానికి ఏ తండ్రి ఎగిరి గంతేస్తాడు? రాములు మొహం తిప్పుకున్నాడు.

“రవికి చెప్పినవా?”

“చెప్తే గడప దాటనిస్తడా?”

“రేపు నలుగురు ఏమంటరు బిడ్డా?”

నవనీత సంచీ చేతిలోకి తీసుకుంది. అయిపోయిందనుకుంది. మళ్లీ ఆ లిఫ్టు, ఆ కెమెరా, ఆ చుక్క.

“ఆ నలుగురు ఒక్కనాడన్న తిన్నవా అని అడిగిండ్రా దాన్ని?” అంది సత్తెమ్మ. “మొహం జూడు. ఎట్ల ఎండిపోయిందో.”

రాములు చూశాడు. భాస్కర్ వైపు తిరిగాడు.

“నా బిడ్డ నీ కాడ నవ్వుతదా?”

“నవ్వుతది” అన్నాడు భాస్కర్. “కానీ గడియారం చూసుకుంట నవ్వుతది.”

రాములు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

“సత్తెమ్మా, కుంకుమ తే.”

సత్తెమ్మ భరిణె తెచ్చింది. ముందు నవనీత నుదుట బొట్టు పెట్టింది. ఇన్నేళ్లకు పడిన ఆ బొట్టును నవనీత వేలితో తడిమి చూసుకుని, తల్లి భుజం మీద వాలి ఏడ్చేసింది. సత్తెమ్మ భాస్కర్‌కూ బొట్టు పెట్టి, నోట్లో చక్కెర పోసింది. సంబంధం ఖాయమైనట్టే.

ఫోను మళ్లీ మోగింది. రవికిరణ్. అప్పటికే మూడు దాటింది.

“ఎత్తు” అన్నాడు రాములు.

నవనీత కళ్లు తుడుచుకుని ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

“రవీ, ఇయ్యాల నీ పిల్లలను స్కూల్ బస్సు కాడికెళ్లి నువ్వే తెచ్చుకో కొడుకా, మీ అమ్మకు పెండ్లి కుదిరింది.”