మిషను ఆపలేదు

"ఎవరు పంపారు నిన్ను?"

వడ్రంగి తలెత్తకుండానే అడిగాడు. చేతిలో ఉలి ఆగలేదు.

షెడ్డు గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడి ఉంది. చంకలో నల్లట్ట పుస్తకం, మెడలో చిన్న సిలువ. నాలుగడుగులు వేసినందుకే ఆయాసపడుతోంది.

"ఎవరూ పంపలేదు నాయనా. నీ భార్య..."

"ఆవిడ మాటెత్తకు."

"ఒక్క మాట..."

"ఆ మాటేదో నాకు తెలుసు. మంచి చోటికి వెళ్ళింది, ఏడవకు, ప్రార్థన చేసుకో. అంతేగా? పాస్టరుగారు చెప్పారు. ఆయన భార్య చెప్పింది. పాటలు పాడే గుంపంతా వరసకట్టి చెప్పింది. ఇక నువ్వొక్కదానివే తక్కువయ్యావు."

ముసలావిడ నోరు తెరిచింది. మాటకు ముందు దగ్గు వచ్చింది.

ఆ దగ్గు తగ్గేలోపు వడ్రంగి కోత మిషను మీట నొక్కాడు. రంపం గిర్రున తిరిగింది. ఆ రొదలో దేవుడే దిగివచ్చి మాట్లాడినా వినపడదు. అతనికి కావలసిందీ అదే.

కాసేపు నిలబడి ఆవిడ వెళ్ళిపోయింది.

భార్యకు అంటురోగం వచ్చినప్పుడు ఆసుపత్రివాళ్ళు ఆమెను ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్ళారు. ఇతన్ని గేటు దగ్గర ఆపేశారు. బతిమాలాడు. తిట్టాడు. కాపలావాడి కాలరు పట్టుకున్నాడు. చివరికి మనిషిని మూటగట్టి, మూసిన బండిలో ఎక్కించి అప్పగించారు. మొహం కూడా చూడనివ్వలేదు.

"పోయేటప్పుడు దగ్గర ఎవరున్నారు?"

నర్సును అడిగాడు. డాక్టరును అడిగాడు. వార్డు ఊడ్చేవాణ్ణి అడిగాడు. ఎవరి హడావుడి వాళ్ళది. ఒక్కరూ చెప్పలేదు.

చీకటంటే భయపడే మనిషి. పక్కన చెయ్యి తగలకపోతే నిద్రపట్టని మనిషి. దగ్గర ఎవరూ లేకుండానే ప్రాణం విడిచింది. ఆ ఒక్కటే అతని గొంతులో ముల్లై కూర్చుంది.

సమాధి దగ్గర అందరూ కళ్ళు మూసుకుని ఉంటే అతను పైకి చూసి గట్టిగానే అడిగాడు.

"నన్నంటే గేటు దగ్గర ఆపారు. నిన్నెవడాపాడు?"

ఆ తర్వాత చర్చి గడప తొక్కలేదు.

ముసలావిడ మళ్ళీ వచ్చింది.

"సిగ్గులేదా నీకు?" అన్నాడు.

"ఉంటే వస్తానా నాయనా?" అని నవ్వింది. "కాస్త ఆ మిషను ఆపు. నా గొంతు పెగలదు. డాక్టరే నా నోటి దగ్గర చెవి పెట్టి వింటాడు."

"పెగలకపోతే ఇంట్లో కూర్చో. నాకు పనుంది."

"ఎవరికా పెట్టె?"

"ఎవరో పోయారు. పోయేవాళ్ళకేం కొదవ? శవపేటికలు చేసేవాడికి మీ దేవుడు పని తక్కువ చేయడు."

ఆవిడ ఆ పెట్టె అంచును మెల్లగా నిమిరింది. అదీ అతని ఒళ్ళు మండించింది.

"నీకు మొగుడున్నాడా?"

"పోయాడు."

"పిల్లలు?"

"వాళ్ళూ పోయారు."

"మరి ఇంకా ఆ పుస్తకం మోసుకు తిరుగుతావేం? పారెయ్యి."

"పారేస్తే ఇంట్లో నాతో మాట్లాడే దిక్కెవరు? పొద్దున లేస్తే ఆ దేవుడితోనే నా పోట్లాట. ఎంత తిట్టినా లేచి వెళ్ళిపోడు. అంతకంటే ఏం కావాలి నాయనా, ఒంటిగా ఉన్నవాళ్ళకి?"

వడ్రంగికి నవ్వు వచ్చినంత పనయింది. భార్య పోయాక రాని నవ్వు. అది వచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. వెళ్ళి మిషను వేశాడు.

ఈసారి ఆవిడ వెళ్ళలేదు. చెక్కల దొంతర మీద కూర్చుంది. పెదవులు కదిలించడం మొదలుపెట్టింది.

ప్రార్థన అనుకున్నాడు. చేసుకోనీ.

ఒక చెక్క కోశాడు. ఇంకొకటి కోశాడు. కోయక్కర్లేనివీ కోశాడు. కొలత సరిపోయిందని తల ఊపుతూ ఓరకంట చూస్తే ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఒకసారి కళ్ళు తుడుచుకుంది. ఒకసారి తనలో తాను నవ్వుకుంది. ఒకసారి, ఎవరి తలో నిమురుతున్నట్టు, గాలిలో చెయ్యి మెల్లగా కదిపింది.

పిచ్చిది, అనుకున్నాడు.

చివరికి లేచి, దగ్గరకు వచ్చి, రంపపు పొట్టు నిండిన అతని నెత్తి మీద చెయ్యి పెట్టింది. అతను విదిలించుకున్నాడు. ఆవిడ బాధపడలేదు. తలమీద బరువు దించుకున్న మనిషిలా తేలిగ్గా నడిచి వెళ్ళింది.

మళ్ళీ రాలేదు.

పీడ వదిలింది అనుకున్నాడు. అనుకుంటూనే గుమ్మం వైపు చూస్తుండేవాడు.

ఒకరోజు పాస్టరుగారు వచ్చారు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఒక పెట్టె కావాలయ్యా."

"కొలత?"

"నీకు తెలిసిన మనిషే. దగ్గుతూ నీ దగ్గరకు వచ్చేదే, ఆవిడ."

వడ్రంగి చేతిలో కొలబద్ద ఆగింది.

"మీరు పంపిన మనిషేగా?"

"నేనా? నేనెవర్ని పంపడానికి? ఆసుపత్రి నుంచి లేచి వచ్చీరాగానే నీ ఇల్లెక్కడో వెతుక్కుంటూ ఆవిడే నా దగ్గరకు వచ్చింది."

"ఏ ఆసుపత్రి?"

పాస్టరుగారు విస్తుపోయి చూశారు.

"అదేమిటయ్యా? అంతా చెప్పేశాను, పని ఆపకుండానే తల ఊపుతూ విన్నాడు, ఇక నా ఋణం తీరింది అని ఎంత సంతోషంగా చెప్పిందో!"

"ఏం చెప్పింది?"

"నన్నడుగుతావేం? ఆఖరి మాటలు నీకు తప్ప ఇంకెవరికీ చెప్పొద్దని నీ భార్య ఆవిడతో ఒట్టు వేయించుకుందట. నాకూ చెప్పలేదు."

వడ్రంగి ఒక్క దూకున వచ్చి పాస్టరుగారి రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"ఎవరావిడ? చెప్పండి, ఎవరు?"

"పక్క మంచం మనిషి," అన్నారు పాస్టరుగారు. "తన ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం తీసేసుకుని, మంచం దిగి వెళ్ళి, ప్రాణం పోయేదాకా నీ భార్య తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఆవిడేనయ్యా."